మగ్గం గుంట లేని ఇల్లు

ఇల్లు మారిన కొత్తలో ఒక పొద్దున టీ పెట్టుకుందామని లేచి, వంటింటి తలుపనుకుని బట్టల బీరువా తలుపు తీశాను. జగిత్యాల ఇంట్లో నా మంచం దిగి ఎడమకు తిరిగితే వంటిల్లు. ఈ సిరిసిల్ల ఇంట్లో ఎడమకు తిరిగితే బీరువా. చేతికి చీరల మడతలు తగిలేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకాస్త మండింది. నా కొడుకు రవికి బ్యాంకులో బదిలీ అయితే ఇక్కడికి వచ్చాం. ఇల్లు వాడే వెతికాడు, సామాను వాడే ఎత్తించాడు. ‘అమ్మా, నువ్వు కుర్చీల కూసో, అంత మేం చూసుకుంటం’ అన్నాడు. చూసుకున్నారు కూడా. ఎంత బాగా చూసుకున్నారంటే, గ్యాసు మార్పించడం మరిచిపోయి హోటలు ఇడ్లీలతో కడుపు నింపుకున్నాం. ఫ్రిజ్ వచ్చింది గాని దాని వైరు అందేంత దగ్గర్లో ప్లగ్గు లేదు. నా మందుల డబ్బా ఏ అట్టపెట్టెలో పోయిందో వెతకడానికి అన్ని పెట్టెలూ విప్పితే, అది చివరికి కుక్కరు లోపల దొరికింది. పాలాయనకు ఎవరూ చెప్పనే లేదట. పాపం ఆయన జగిత్యాలలో తాళం వేసిన మా గేటుకు రోజూ ప్యాకెట్లు తగిలించి పోతున్నాడని పక్కింటివాళ్ళు ఫోను చేసి చెప్పారు.

ఇవన్నీ మెల్లగా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, ఒక్కొక్కటే సర్దుకున్నాయి. ఎవరికీ గుర్తురానివి నా కళ్ళు. నీటికాసులని, అంటే గ్లాకోమా అని డాక్టరు చెప్పి చాలా ఏళ్ళయింది. చుక్కల మందు వేసుకుంటూనే ఉన్నా పక్కల నుంచి చీకటి మూసుకుంటూ వచ్చి, ఇప్పుడు ఎదురుగా చిన్న గుండ్రటి వెలుగు మిగిలింది. ఎదుట మనిషి నిలబడితే అందులో ముక్కూ నోరూ కనబడతాయి, చెవులు కనబడవు. జగిత్యాల ఇంట్లో ఈ సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు, నాకు కూడా. అక్కడ నా చేయి స్విచ్చి దగ్గరికి తనంతట తానే పోయేది, కాలు గడపను తనే దాటేది. పప్పులో ఉప్పు వేయడానికి నేను డబ్బా వైపు చూసి ఎన్నేళ్ళయిందో. చూపు తగ్గింది గాని ఇల్లు నా దగ్గరే ఉంది కాబట్టి గడిచిపోయింది. ఇల్లు మారిన రోజే నేను నిజంగా గుడ్డిదాన్నయ్యాను.

పెద్ద గది నాకే ఇచ్చారు, వెనక వైపుది. ముందు గదికి ఎదురుగా, వీధి అవతల సాంచెల షెడ్డు ఉంది. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఈ ఊర్లో వాటి చప్పుడు లేని వీధి దొరకడం కష్టం. ‘ముందు గదిల తలకాయ పగులుతది అత్తమ్మా, వెనుక గది మీకు నిమ్మలంగ ఉంటది’ అంది నా కోడలు సుజాత. నిమ్మలంగానే ఉంది. ఎంత నిమ్మలంగా అంటే, తలుపు ఎటు ఉందో గోడ ఎటు ఉందో చెప్పే చప్పుడు ఒక్కటి కూడా లోపలికి రాదు. బీరువా సంగతి బయటపడ్డాక, ఆ తర్వాత నేను రెండు మూడుసార్లు వంటింటికని బయలుదేరి స్నానాల గదిలో తేలాక, ఇంట్లో ఒక ఏర్పాటు జరిగింది. మనవరాలు శ్రీజ పదో తరగతి. బడి నుంచి రాగానే లెక్కల ట్యూషన్‌కు పోతుంది. అది మానేసి నా దగ్గర ఉండాలని. ‘నానమ్మకు ఇల్లు అలవాటయ్యేదాక’ అన్నాడు రవి. ‘సరే డాడీ’ అంది శ్రీజ. ఆ సరే లోపల ఏముంటుందో నాకు తెలుసు. పన్నెండేళ్ళప్పుడు కోరుట్లలో నాకూ అదే మాట చెప్పారు, నేనూ అట్లాగే సరే అన్నాను.

అప్పుడు మేము ఇదే సిరిసిల్ల నుంచి కోరుట్లకు పోయాం. ఇక్కడ మాది నేతపని వాళ్ళ వాడలో కిరాయి ఇల్లు. మట్టి గోడలు, గూనపెంకల కప్పు, నడింట్లో మా బాపు, అంటే నాన్న, నేసే మగ్గం. గుంట మగ్గమది. నేలలో మోకాళ్ళ లోతున గుంట ఉంటుంది. నేసే మనిషి దాని ఒడ్డున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పొద్దున్నే మా అవ్వ, అంటే అమ్మ, మా దిక్కు అమ్మను అట్లాగే పిలుస్తాం, పేడనీళ్ళతో నేలంతా అలికి గుంట ఒడ్డున చిన్న ముగ్గు వేసేది. ఆ తడి నేల వాసనా, నూలుకు పట్టించిన గంజి పులుపు వాసనా, పొయ్యి మీద ఉడికే జొన్న గటుక వాసనా కలిసి వచ్చేవి. ఇప్పుడు గంజి పెట్టిన చీర కట్టుకున్నా నాకు ఆకలి వేస్తుందంటే మా శ్రీజ నవ్వుతుంది. నిజంగానే వేస్తుంది.

ఆ ఇంటిని నడిపింది మా బాపమ్మ, బాపుకు తల్లి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమెకు చూపు లేదు. కొత్త చుట్టాలు ఎవరైనా వస్తే వాళ్ళకు చెప్పాల్సి వచ్చేది, లేకపోతే పట్టుకోలేరు. రాట్నం ముందు కూర్చుని, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలోకి బాపుకు నూలు కండెలు చుట్టి ఇచ్చేది. దారం తెగితే వేళ్ళతోనే వెతికి ముడి వేసేది. పొయ్యి మీద అన్నం అడుగంటుతున్నదని అందరికన్నా ముందు ఆమే అరిచేది. అవ్వ చేటను పెట్టిన చోట పెట్టకపోతే పొద్దంతా సాధించేది. ఇంట్లో ఆమె నడవడానికి దారి మగ్గం చప్పుడు. అది కుడి చెవి పక్కన ఉంటే ఎదురుగా పొయ్యి, ఎడమ చెవి పక్కన ఉంటే నీళ్ళ గోలెం, వీపు మీద పడుతుంటే ముందున్నది వాకిలి. ఎప్పుడైనా దారం తెగి బాపు మగ్గం ఆపితే, బాపమ్మ నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగిపోయేది. చేతిలో చెంబు ఉంటే చెంబుతోనే. బాపు ముడి వేసుకుని మళ్ళీ చెక్క తొక్కగానే ఆమె కాలు కదిలేది.

‘ఎందుకే బాపమ్మా ఆగినవ్?’ అని అడిగితే, ‘మీ బాపు ఆగిండు గదనే’ అనేది, అదేదో లోకమంతా ఎరిగిన సంగతైనట్టు.

అప్పటికే ఊర్లో సాంచెలు దిగాయి. చేతి మగ్గానికి నూలు ఇచ్చే షావుకార్లు ఒక్కొక్కరే మొహం చాటేశారు. కోరుట్లలో ఒక షావుకారు తువ్వాలలూ పంచెలూ నేస్తే ఏడాది పొడుగునా నూలు ఇస్తానన్నాడు. బాపు పోయి ఆయన చెప్పిన వీధిలోనే ఇల్లు మాట్లాడి వచ్చాడు. వచ్చి, అన్నం తింటూ, ఆ ఇంటి గొప్పలన్నీ చెప్పాడు. కప్పు కురవదట. బావి పెరట్లోనేనట. ఇంటామె మంచిదట. అంగడి దగ్గరట. అవ్వ అడగవలసినవన్నీ అడిగింది, కట్టెలు ఎక్కడ దొరుకుతాయో కూడా అడిగింది. మగ్గం గుంట ఉందా అని మాత్రం అడగలేదు. ఎందుకడుగుతుంది? మా వాడలో ఏ కిరాయి ఇల్లు చూసినా గుంట ఉంటుంది. ఇంటికి తలుపుందా అని ఎవరైనా అడుగుతారా? బాపు పుట్టిందీ పెరిగిందీ గుంట ఉన్న ఇళ్ళలోనే. గుంట లేకుండా కూడా ఇళ్ళు ఉంటాయని ఆయన మనసుకు తట్టలేదు. ఎంత చిన్న విషయం! ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు పళ్ళు కొరకాలనిపిస్తుంది.

అది తెలంగాణ కావాలని పిల్లలంతా బళ్ళూ కాలేజీలూ విడిచి రోడ్ల మీదికి వచ్చిన ఏడు, మొదటిసారి ఉద్యమం లేచిన ఏడు. మా బడికి తాళం పడింది. ఏ రోజు బంద్ ఉంటుందో ఏ రోజు ఉండదో ఎవరికీ తెలియదు. బస్సుల్లేవు, లారీ మాట్లాడితే మాట నిలబడలేదు. చివరికి ఎడ్ల బండి కట్టించారు. మగ్గం విప్పి కట్టెలన్నీ తాడుతో బిగించి, నూలు బుట్టలూ గిన్నెలూ రాట్నమూ ఎక్కించారు. నేలలో పాతిన రోలును తవ్వి తీసేంత పొద్దు లేక వదిలేశాం. పాత చీపురు కొత్తింటికి పోవద్దని అవ్వ దాన్ని వాకిట్లోనే ఉంచింది, కొత్తది అక్కడ కొందామని. నా టీసీ సంగతి గుర్తొచ్చింది నాకొక్కదానికే. చెబితే బాపు, ‘తాళమేసిన బడికాడ ఎవన్ని అడుగుతవే?’ అని బండెక్కమన్నాడు. బాపమ్మ బండి ఎక్కబోతూ మళ్ళీ లోపలికి పోయి, అలికిన నేలను అరచేత్తో తడిమి వచ్చింది. అందరూ ఎండ ఎక్కుతున్నదని తొందరపెట్టారు.

వేములవాడ దాటాక కాలేజీ పిల్లలు రోడ్డుకు అడ్డంగా చెట్టు కొమ్మలు వేసి కూర్చున్నారు. ‘ఏడికి పోతున్నరు? ఇయ్యాల బంద్ అని ఎరుక లేదా?’ అని ఒకడు గద్దించాడు. ‘ఇల్లు మారుతున్నం కొడుకా’ అన్నాడు బాపు. ‘అయితే జై తెలంగాణ అనుండ్రి, పోనిస్తం’ అన్నాడు. బాపు సిగ్గుపడుతూ గొంతులోనే అన్నాడు. సామాను నడుమ కూర్చున్న బాపమ్మ మాత్రం ఎడ్లు బెదిరేంత గట్టిగా అరిచి, అరిచాక అడిగింది. ‘తెలంగాణ వస్తె నూలు ధర తగ్గుతదా కొడుకా?’ ‘తగ్గుతది అవ్వా, అన్ని తగ్గుతయ్’ అని ఒకడు కొమ్మలు జరిపాడు. బాపమ్మ దారి పొడుగునా ఆ మాటనే నెమరేసుకుంటూ వచ్చింది.

కోరుట్ల ఇంట్లో మొదట కాలు పెట్టింది ఆమే. పెద్దదిక్కు కాబట్టి ముందు ఆమె గడప దాటాలని అవ్వ చేయి పట్టి లోపలికి తీసుకుపోయింది. నాలుగడుగులు వేసి బాపమ్మ ఆగిపోయింది. ఒక కాలు ఎత్తి మళ్ళీ పెట్టింది.

‘నర్సయ్యా, నేల గింత సల్లగున్నదేందిరా?’ అంది బాపుతో. ‘గుంట ఏడున్నది?’

ఇల్లంతా షాబాదు బండలు. నున్నగా, నల్లగా, సందు లేకుండా, ఈ గోడ నుంచి ఆ గోడదాకా. బాపు కిందికి చూశాడు. ఆ ఇంట్లో ఆయన కిందికి చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. అవ్వ చంకలోని మూట దించి బండ మీద కూలబడింది. ‘ఇల్లు సూడబోయి పైకి సూసినవ్ గని కిందికి సూడలేదా?’ అంది. ఆమె గొంతు లేవలేదు. లేస్తే బాగుండేదని నాకు అనిపించింది.

ఇంటామె పేరు రాజవ్వ. ముందు భాగంలో ఒక్కతే ఉండేది. బాపు పోయి రెండు బండలు లేపుకుంటామని అడిగితే ఆమె నిలుచున్న చోటే నిలుచుండిపోయింది. ‘లేపుడా? గీ బండలు మా ఇంటాయిన తాండూరు కెల్లి తెప్పిచ్చి ఏసిండు. ఏసిన యాడాదే పోయిండు. ఒక్కటి కదిలిచ్చినా నేను ఊకోను. ఎనుక కొట్టం ఖాళీగున్నది, అండ్ల ఏమన్న జేసుకోండ్రి.’ పెరట్లో బావి అవతల పశువుల కొట్టం ఉంది. పశువులు అమ్మేసి చాలా కాలమైందట. బాపు మొహం ఎర్రబడింది. ‘పసులు కట్టిన కాడ మగ్గం పెడుదునా? మాకది దేవునితోటి సమానం’ అని తిరిగి వచ్చేశాడు. ఇద్దరిదీ న్యాయమే. ఎవరినైనా ఒకరిని తిట్టుకునే వీలుంటే నాకు ఇంత చిరాకు మిగిలేది కాదు.

అక్కడి నుంచి మొదలైంది. చీపురు కొందామంటే బంద్, అంగళ్ళు మూసేశారు. రాజవ్వ కళ్ళెదుటే ఆమె మొగుడి బండలను అవ్వ వేపకొమ్మతో ఊడ్చింది. ఆమె చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నీళ్ళు తోడదామంటే సిరిసిల్ల బావికి సరిపోయిన చేంతాడు ఈ బావిలో నీళ్ళదాకా దిగలేదు. బొక్కెన గాలిలో వేలాడుతుంటే నేను కోపంతో ఏడ్చాను. రోలు లేక అవ్వ పచ్చడి రాయి మీద నూరింది. ఇవన్నీ రెండు మూడు రోజుల్లో కుదురుకున్నాయి. కుదరనిది మగ్గం. దాని కట్టెలు గోడకు ఆనుకుని నిలబడ్డాయి, షావుకారు ఇచ్చిన నూలు బుట్టలోనే ఉండిపోయింది. బాపు గుంట ఉన్న ఇల్లు వెతుకుతానని పొద్దున పోయి, తెలంగాణ మీటింగుల్లో నిలబడి, గొంతు బొంగురు పోయి సాయంత్రం వచ్చేవాడు. ఇంట్లో గింజలు నిండుకుంటుంటే అవ్వ పక్కింటి ఆడవాళ్ళ దగ్గర బీడీలు చుట్టడం నేర్చుకుని చేట ఒళ్ళో పెట్టుకుంది. గంజి వాసన పోయి తంబాకు వాసన వచ్చింది. నాకు తల తిరిగేది.

అందరికన్నా అధ్వానమైంది బాపమ్మ. మగ్గం లేదు, చప్పుడు లేదు. మట్టి నేల అయితే ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో పాదానికి తెలిసేది. ఈ బండలు అన్ని దిక్కులా ఒక్కతీరే ఉన్నాయి. పొయ్యి దగ్గరికని బయలుదేరి రాజవ్వ దేవుని గూటి ముందు తేలింది. వాకిలనుకుని గోడకు నుదురు కొట్టుకుంది. అన్నం అడుగంటితే అరిచి చెప్పే మనిషి, నీళ్ళు కావాలన్నా ‘ఓ పద్మా’ అని నన్ను పిలవాల్సి వచ్చింది. పెరట్లోకి పోవాలన్నా నేనే. పిలవడానికి ముందు ఆమె కాసేపు పెదవులు బిగబట్టుకుని కూర్చునేది. అది చూసి నాకు జాలి వేయవలసింది, కాని కోపం వచ్చేది. ‘బాపమ్మకు ఇల్లు అలవాటయ్యేదాక నువ్వే పట్టుకోవాలె’ అని అవ్వ చెప్పింది, సరే అన్నాను. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గడపలో కూర్చుని చూసేదాన్ని. ఒక్క గంతు వేసి వద్దామని లేస్తే లోపలి నుంచి ‘ఓ పద్మా’. నేను చేయి విసురుగా పట్టుకుంటే ఆమె అంతకన్నా విసురుగా లాక్కునేది. ఇద్దరం రోజంతా ఒకరి చేయి ఒకరం పట్టుకుని తిరుగుతూ ఒకరి మీద ఒకరం మండిపడేవాళ్ళం. ఇల్లు అలవాటు కాలేదు. ఎట్లా అవుతుంది? చెవికి ఏదీ తగలని ఇంట్లో మనిషి దేన్ని అలవాటు చేసుకోవాలి?

కొన్నాళ్ళకు గొడవలు సద్దుమణిగి బళ్ళు తెరిచారు. మా వీధి ఆడపిల్లలు కొందరు జడలు వేసుకుని బయలుదేరడం చూశాను. టీసీ తర్వాత తెచ్చుకున్నా ముందు వచ్చి కూర్చోమని పెద్దసారు అంటున్నాడని వాళ్ళే చెప్పారు. ఉరుకుతూ పోయి అవ్వను అడిగాను. ఆమె బీడీకి దారం కడుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

‘నువ్వు బడికి పోతె ముసల్దాన్ని ఎవలు పట్టుకుంటరు? నేను బీడీలు జెయ్యకపోతె గింజలు ఏడికెల్లి వస్తయ్? ఇల్లు అలవాటు కానియ్యి. వచ్చే యాడాది పోదువు.’

బాపమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె వింటున్నదని అవ్వకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పోయి కొట్టం వెనక కూర్చుని, నాకు వచ్చిన తిట్లన్నీ ఆ బండలను తిట్టాను.

మరునాడు పొద్దున ఆమె నన్ను పిలిచింది. ‘పద్మా, నన్ను కొట్టంలకు తోల్కపో.’ ఎందుకని అడగకుండా తీసుకుపోయాను, అడిగే ఓపిక లేక. తలుపు లేని కొట్టం, తడికలు ఊడిపోయి ఉన్నాయి, మూలన పాత గడ్డి. బాపమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో నేలను తడిమింది. కొంచెం మన్ను గిల్లి వాసన చూసింది. ‘మన్నే గద’ అంది. తర్వాత బాపును పిలవమంది. బాపు కండువా దులుపుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

‘నర్సయ్యా, గడ్డపార తే. గీడ తవ్వు.’

‘పసుల కొట్టంల ఎట్ల పెడుతనే అవ్వా?’

‘నా మంచం గీడ ఎయ్యి. నేను ఇండ్లనే ఉంట. నేనున్న జాగ కొట్టం ఎట్లయితది? ఇల్లయితది. ఇంట్ల మగ్గం పెట్టవా?’

‘ముసల్దాన్ని పసుల కొట్టంల పడేసిండ్రని ఊరంత అంటది.’

‘అననియ్యి. ఊరు అచ్చి నా చెయ్యి పట్టుకుంటదా? గీ పిల్ల బడికి పోవద్దా?’

బాపు కండువా తలకు చుట్టి గడ్డపార తెచ్చాడు. గుంట తవ్వి, దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కట్టెలు నిలబెట్టి, పడుగు ఎక్కించేసరికి రోజులు పట్టాయి. అన్ని రోజులూ బాపమ్మ అక్కడే మంచం మీద కూర్చుని ఉంది, ఇంట్లోకి రమ్మంటే రాలేదు. మొదటిసారి చెక్క తొక్కి నాడె అటూ ఇటూ పరుగెత్తినప్పుడు ఆమె మొహం పైకెత్తి విన్నది. లేచి నిలబడింది. ఒక్కో అడుగే వేసుకుంటూ కొట్టం దాటి బయటికి పోయింది. బావిలో పడుతుందేమోనని నేను వెనకాలే పరుగెత్తాను. చేతులు చాచి గిలక స్తంభాన్ని పట్టుకుని, చప్పుడు ఏ చెవి పక్కన ఉందో సరిచూసుకుని, మెల్లగా తిరిగి వచ్చింది. దారిలో నా చేయి తగిలితే విదిలించింది.

‘నా ఎనుక ఎందుకొస్తున్నవే? నిన్ను ఎవలు పట్టుకొమ్మన్నరు? పో, బడికి పో.’

నేను బడికి పోయాను. ఆ తర్వాత గొల్లపల్లిలోనూ జగిత్యాలలోనూ ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెప్పాను. బాపమ్మ మాత్రం మళ్ళీ ఆ బండల ఇంట్లోకి కాపురానికి రాలేదు. వానాకాలం కొట్టం కురిసేది, చలికాలం తడికల సందుల్లో నుంచి గాలి కోసేది. రాజవ్వకు ఊళ్ళో మాటలు విని సిగ్గేసింది. మధ్యాహ్నాలు వచ్చి గుంట ఒడ్డున కూర్చుని కబుర్లు చెబుతూ, ఒకనాడు తానే అంది, ‘రెండు బండలు లేపుకొని ఇంట్లకే రాండ్రి, నువ్వు గీడ పండుకుంటె నాకు ముద్ద దిగుతలేదు’ అని. బాపమ్మ ఒప్పుకోలేదు. ‘నీ మొగడు ఏసినయి, ఉండనియ్యి బిడ్డా. నాకు గీడ మంచిగ ఇనవడుతది’ అంది. ఆమె పోయింది కూడా ఆ కొట్టంలోనే, కండెల బుట్ట పక్కన.

మా చుట్టాల్లో ఆమె మాట వస్తే ఇప్పటికీ ‘ఎంత ఓపిక ముసల్దానికి’ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. అది ఓపిక కాదు, కోపం. నడవడానికి ఒకరి చేయి పట్టుకోవడం ఆమెకు పశువుల కొట్టం కన్నా హీనంగా అనిపించింది, అంతే. తడికల సందుల్లో వణకడం కన్నా ‘ఓ పద్మా’ అని పిలవడమే ఆమెకు బరువైంది. ఇవన్నీ ఎందుకు? ఇల్లు చూడబోయిన మనిషి ఒక్కసారి కిందికి చూసి ఉంటే, లేదా ఇంట్లో చూపు లేని మనిషిని ‘నీకు ఏం కావాలె’ అని ఎవరైనా అడిగి ఉంటే సరిపోయేది. ఆ రోజుల్లో ముసలివాళ్ళను ఏదీ అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు అడుగుతారు. నన్ను ఏసీ కావాలా ఫ్యాను కావాలా అని అడిగారు, పరుపు మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అని అడిగారు. నా సుఖం గురించి వీళ్ళు పడిన తాపత్రయంలో సగం కూడా ఆనాడు బాపమ్మకు దొరకలేదు. అయినా నేను బీరువాలో వంటిల్లు వెతుక్కున్నాను. మారిందేమిటో నాకు అర్థం కాలేదు.

శ్రీజ ట్యూషన్ మానేసిన నాలుగో రోజో అయిదో రోజో, పక్క గదిలో సుజాతతో నెమ్మదిగా అంటుండగా విన్నాను. లెక్కల్లో కొత్త పాఠం మొదలైందట, ఫ్రెండ్స్ అందరూ చాలా ముందుకు పోయారట. ‘కొన్ని రోజులే కదా’ అంది సుజాత. ఆ సాయంత్రం రవి రాగానే, నా మంచం ముందు గదిలో వేయమన్నాను.

‘అక్కడ సాంచెల చప్పుడుకు నిద్ర పడుతదా అమ్మా?’ అన్నాడు. ‘వచ్చినోళ్ళు ఏమనుకుంటరు? తల్లిని తెచ్చి రోడ్డు మీది గదిల పడేసిండ్రు అంటరు.’

‘అననియ్యి’ అన్నాను. నా నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా ఊడిపడుతుందని నాకే తెలియదు. ‘వచ్చినోళ్ళు నా చెయ్యి పట్టుకుంటరా?’

నా గొంతు విని వాడు మంచం మీది పరుపు చుట్టాడు. మంచం మారింది. తల పగిలే మాట నిజమే, మొదటి రెండు రోజులు పగిలింది కూడా. మా బాపు పొట్టకొట్టిన సాంచెలే ఇవి. వీటి వల్లే కదా మేము ఊరు విడిచింది, బాపమ్మ కొట్టంలో పడుకున్నది. ఇప్పుడు వీటినే నమ్ముకుని నేను గోడలు దాటాలి. ఇంతకన్నా ఒళ్ళు మండే సంగతి ఇంకేముంటుంది? మండుతూనే నేర్చుకున్నాను. కిటికీ తెరిచి పెడితే, చప్పుడు వీపు మీద పడినంతసేపు ఎదురుగా హాలు. కుడి చెవికి తిరిగితే వంటింటి గడప. ఎడమ చెవికి తిరిగితే స్నానాల గది. ఒకటి రెండు దెబ్బలు తగిలాయి. బీరువా జోలికి మాత్రం మళ్ళీ పోలేదు.

నిన్న సాయంత్రం నా టీ నేనే పెట్టుకున్నాను. గ్లాసు పట్టుకుని వంటింట్లో నుంచి నా గదికి వస్తున్నాను. శ్రీజ ట్యూషన్ సంచీ భుజానికి వేసుకుని చెప్పులు వెతుక్కుంటోంది. సరిగ్గా హాలు మధ్యకు వచ్చేసరికి కరెంటు పోయింది. ఎదుటి షెడ్డులో సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఇల్లు చెవుల్లో నుంచి జారిపోయింది. కుర్చీ ఎటో, గది ఎటో, ఏమీ తెలియలేదు. నేను ఉన్న చోటే ఆగిపోయాను. గ్లాసు వేడి వేళ్ళకు చురుక్కుమంటోంది. కరెంటు వాళ్ళను లోపల్లోపలే తిట్టుకున్నాను.

‘నానమ్మా, రానా?’ అంది శ్రీజ.

‘వద్దు. నువ్వు పో, నీకు టైమైతున్నది.’

గేటు చప్పుడు వినిపించలేదు. పిల్ల అక్కడే నిలబడి నన్ను చూస్తోందని తెలుస్తోంది.

‘పోలేదానే?’

‘పోత నానమ్మా, కరెంటు రానీ.’

‘కరెంటు నాకు గావాలె, నీకెందుకే? పో, పోయి లెక్కలు చేసుకో.’

కాసేపటికి గేటు తెరుచుకుని మూసుకుంది. చెప్పుల చప్పుడు వీధిలో దూరమైంది. నేను గ్లాసును ఆ చేతిలో నుంచి ఈ చేతిలోకి మార్చుకుని, నిలబడ్డాను.